ఎక్కితే ఆయాసం, దిగితే నొప్పి: మెట్ల మీద కాలి కండరాలు చేసే పని

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అలిపిరి నుంచి తిరుమలకి మెట్ల దారిన వెళ్ళారు. దర్శనం అయ్యాక బస్సు ఎక్కకుండా మళ్ళీ మెట్ల మీదే దిగారు. ఎక్కేటప్పుడు రొప్పుతూ, ఆగి ఆగి వెళ్ళారు. దిగేటప్పుడు కబుర్లు చెప్పుకుంటూ వచ్చేశారు. తీరా ఇంటికి చేరిన రెండో రోజు తొడలు పట్టేసి, కుర్చీలో కూర్చోవాలన్నా చేతులు ఆనించుకోవాల్సి వచ్చింది. కష్టపడింది ఎక్కేటప్పుడు కాబట్టి నొప్పి దానిదే అనుకుంటున్నారు. అసలు కండరం కాలిని ఎలా కదుపుతుందో, వచ్చే నెల అరవై దాటిన మీ అమ్మగారిని అదే దారిలో తీసుకెళ్ళొచ్చో లేదో చెప్పమన్నారు.

ముందు సూటిగా జవాబు: ఆ నొప్పిలో సింహభాగం దిగుడుదే. నేను ఫిజియోథెరపిస్టుని, చాలా ఏళ్ళుగా ఇదే పని. కొండ ఎక్కి దిగి వచ్చినవాళ్ళు చెప్పే నొప్పికి ఒక తీరుంటుంది. తొడ ముందు భాగం, మోకాలికి జానెడు పైన, నొక్కితే చురుక్కుమంటుంది, మెట్టు దిగబోతే కాలు నిలవదు. నడిచి ఎక్కి బస్సులో దిగినవాళ్ళలో ఇంత నొప్పి అరుదు. వాళ్ళకి మహా అయితే పిక్కలూ పిర్రలూ కాస్త బరువెక్కుతాయి. ఈ తేడా ఎందుకో తెలియాలంటే కండరం చేసే పని గురించి మనలో చాలామందికున్న ఊహని కొంచెం సవరించుకోవాలి. కాలి కండరాలు ఉన్నది శరీరాన్ని ముందుకో పైకో నెట్టడానికని అనుకుంటాం. అది సగం మాటే. మిగతా సగం, పడబోయే శరీరాన్ని ఆపుతూ మెల్లగా దించడం.

కండరానికి వచ్చిన విద్య ఒక్కటే, లాగడం. తొయ్యడం దానికి చేతకాదు. మీరు బంతిని తన్నినా, నేలని తన్ని ఎగిరినా, ఆ తోపు వెనక ఎక్కడో ఒక కండరం ఒక ఎముకని తనవైపు లాగుతోందన్నమాట. కండరం ఒక కొస ఒక ఎముకకీ, రెండో కొస కీలు దాటి అవతలి ఎముకకీ టెండన్లనే గట్టి తాళ్ళలాంటి కొసలతో అతుక్కుని ఉంటుంది. అది పొట్టిదైతే కీలు తిరుగుతుంది. దాన్ని వెనక్కి తిప్పాలంటే అవతలి వైపున్న ఇంకో కండరం లాగాల్సిందే. మోకాలినే తీసుకోండి. తొడ ముందున్న క్వాడ్రిసెప్స్ కాలిని చాపుతుంది, వెనకున్న హ్యామ్‌స్ట్రింగ్స్ మడుస్తాయి.

క్వాడ్రిసెప్స్ నిజానికి నాలుగు కండరాల గుంపు. నాలుగూ కిందికొచ్చేసరికి ఒకే టెండన్‌గా కలిసి, మోకాలి చిప్పని తమలో ఇముడ్చుకుని, ముంగాలి ఎముక మీదున్న ఒక బొడిపెకి అతుక్కుంటాయి. చిప్ప కింద రెండు మూడు వేళ్ళ దూరంలో తడిమితే ఆ బొడిపె గట్టిగా తగులుతుంది. కుర్చీలో కూర్చుని ఒక చెయ్యి తొడ మీద, ఇంకో చేతి వేలు ఆ చిప్పకీ బొడిపెకీ మధ్య పెట్టి కాలు మెల్లగా చాపండి. తొడ గట్టిపడటం, వేలి కింద టెండన్ తాడులా బిగుసుకోవడం ఒకేసారి తెలుస్తాయి. కదిలింది పాదం, పని చేసింది తొడ.

ఇక్కడే ఒక లెక్క చూడండి. ఆ టెండన్ మోకాలి కీలు తిరిగే కేంద్రానికి 4 సెంటీమీటర్ల దూరంలో లాగుతుంది. పాదమేమో 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అందుకే కండరం ఒక్క సెంటీమీటరు పొట్టిదైతే పాదం దాదాపు 10 సెంటీమీటర్లు కదులుతుంది. వేగం, విస్తృతి బాగా కలిసొచ్చాయి. దానికి చెల్లించే మూల్యం బలం. పాదానికి 5 కిలోల బరువు కట్టి కాలు చాపి ఉంచాలంటే టెండన్ 50 కిలోల బరువుకి సమానమైన బలంతో లాగాలి, కాలి సొంత బరువు సంగతి అదనం. మన కాళ్ళలో చాలా కీళ్ళు ఇదే బేరం మీద నడుస్తున్నాయి. మోకాలి చిప్ప చేసే ఉపకారం కూడా ఇక్కడే ఉంది. అది టెండన్‌ని కీలు నుంచి కాస్త ఎడంగా, ముందుకి తోసిపెట్టి, అదే లాగుడుకి ఎక్కువ ఫలితం వచ్చేలా చూస్తుంది. ఏదైనా దెబ్బకి చిప్ప ముక్కలై తీసెయ్యాల్సి వచ్చినవాళ్ళలో క్వాడ్రిసెప్స్ ఎంత బాగున్నా కాలు చాపే సత్తువ తగ్గిపోయేది ఇందుకే.

ఇక కండరం లోపలికి వెళ్దాం, కానీ ఎక్కువసేపు ఉండొద్దు. కండర తంతువు పొడవునా సార్కోమియర్లనే అతి చిన్న అరలు ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కొక్కటి దాదాపు 2 మైక్రోమీటర్లు, అంటే 10 సెంటీమీటర్ల తంతువులో దాదాపు 50,000. ప్రతి అరలో రెండు రకాల పోగులు, సన్నవి ఆక్టిన్, లావువి మయోసిన్. నరం నుంచి ఆజ్ఞ రాగానే తంతువు లోపల కాల్షియం విడుదలవుతుంది. మయోసిన్ పోగుల మీదున్న చిన్న తలకాయలు ఆక్టిన్‌ని పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. అలా పట్టు వదిలి మళ్ళీ లాగడానికి సిద్ధం కావాలంటే ఒక్కో తలకాయకి ఒక ఏటీపీ అణువు, అంటే కణానికి ఇంధనంలాంటిది, ఖర్చు. పోగులు తాము ముడుచుకోవు, ఒకదాని మీద ఒకటి జారతాయి. ఈ సంగతి 1954లో హక్స్‌లీ అనే ఇంటిపేరున్న ఇద్దరు శాస్త్రజ్ఞులు, అంటే ఆండ్రూ హక్స్‌లీ, హ్యూ హక్స్‌లీ, తమ తమ సహచరులతో వేరువేరుగా పనిచేసి ఒకే పత్రిక ఒకే సంచికలో ప్రకటించారు. ఇద్దరికీ చుట్టరికం లేదు.

మీ తొడనొప్పికి కీలకమైనది ఇక్కడుంది. తలకాయలు పట్టుకుని లాగుతున్నాయంటే కండరం తప్పకుండా పొట్టిదవుతుందని కాదు. అది అవతలి బరువుని బట్టి ఉంటుంది. లాగుడు నెగ్గితే కండరం పొట్టిదవుతుంది. సరిసమానమైతే ఉన్నచోటే బిగిసి ఉంటుంది, గోడకుర్చీ వేసినప్పటి తొడల్లాగ. బరువు నెగ్గితే, కండరం లాగుతూనే సాగిపోతుంది. ఈ మూడోదాన్ని వ్యాకోచ సంకోచమనో ఇంకేదో అని తికమక పెట్టను, మా వాళ్ళు వాడే ఎక్సెంట్రిక్ అనే మాటే వాడతాను. బావిలోకి నిండు బిందె దించడం ఊహించుకోండి. బిందె కిందికే పోతోంది, మీ చేతులు మాత్రం తాడుని పైకే లాగి పట్టుకుంటున్నాయి, కాస్త కాస్త వదులుతున్నాయి. తోడేటప్పుడు వచ్చేది ఆయాసం. అరచేతులు ఒరుసుకుపోయేది దించేటప్పుడే.

ఇప్పుడు మెట్టు ఎక్కుదాం. కుడి పాదం పై మెట్టు మీద పెట్టాలి. అందుకు ముందు కుడి తొడ లేవాలి. నడుము ఎముకల దగ్గర మొదలై కటి లోపలి నుంచి తొడ ఎముక పైభాగానికి వచ్చే ఇలియోసోయాస్ ఆ పని చేస్తుంది. అదే సమయంలో ముంగాలి ఎముక పక్కనున్న టిబియాలిస్ యాంటీరియర్ కాలివేళ్ళు మెట్టు అంచుకి తగలకుండా పాదాన్ని పైకెత్తి ఉంచుతుంది. పాదం ఆనింది. ఇప్పుడు మీకు తెలియకుండానే ఒళ్ళు కాస్త ముందుకి వంగుతుంది. వంగకుండా ఎక్కి చూడండి, ఎంత కష్టమో. బరువు కుడి పాదం మీదికి రాగానే పిర్రలోని గ్లూటియస్ మాక్సిమస్ తుంటిని చాపుతుంది, క్వాడ్రిసెప్స్ మోకాలిని చాపుతుంది, కింది మెట్టు మీదున్న ఎడమ కాలి పిక్క మడమని లేపి ఒక చిన్న తోపు అందిస్తుంది. శరీరం ఒక మెట్టు పైకి లేచింది.

ఈ క్షణంలో తొడ వెనక చెయ్యి పెట్టి చూస్తే ఒక వింత తగులుతుంది. మోకాలు చాపుకుంటోంది కదా, దాన్ని మడిచే హ్యామ్‌స్ట్రింగ్స్‌కి ఇక్కడేం పని? కానీ అవీ బిగిసే ఉంటాయి. కుర్చీలోంచి లేచేటప్పుడూ ఇంతే. వారెన్ లంబార్డ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1903లో దీని గురించి రాశాడు, అప్పటి నుంచి లంబార్డ్ వైరుధ్యం అనే పేరుతోనే చెప్పుకుంటున్నారు. చిక్కుముడి విప్పడం కష్టం కాదు. హ్యామ్‌స్ట్రింగ్స్‌లో చాలా భాగం రెండు కీళ్ళ మీదుగా పోతుంది, వెనక తుంటిని చాపుతుంది, కింద మోకాలిని మడుస్తుంది. తుంటి దగ్గర దానికి పట్టు ఎక్కువ, మోకాలి దగ్గర క్వాడ్రిసెప్స్‌ది పైచెయ్యి. కాబట్టి రెండూ కలిసి లాగినా, తుంటీ మోకాలూ రెండూ చాపుకునే వైపే తేలతాయి. పైగా రెండు పక్కలా బిగించి పట్టడం వల్ల కీలు కుదురుగా ఉంటుంది. ‘ఒక కండరం, ఒక పని’ అని బడి పుస్తకంలో బాణం గుర్తులు వేసి చూపించే బొమ్మ మొదటి పాఠానికి పనికొస్తుంది, మెట్టు ఎక్కడానికి చాలదు.

ఇంకో కండరం గురించి ఎవరూ అడగరు, నాకు మాత్రం అదంటే ప్రత్యేకమైన అభిమానం. తుంటి పక్కన, ప్యాంటు జేబు పైన ఉండే గ్లూటియస్ మీడియస్. అక్కడ అరచెయ్యి పెట్టుకుని ఆ కాలి మీదే ఒంటికాలిపై నిలబడండి. చెయ్యి కింద గట్టిపడుతుంది. రెండో కాలు గాల్లో ఉన్నప్పుడు కటి ఆ పక్కకి ఒరిగిపోకుండా ఇది లాగి పట్టుకుంటుంది. నడకలో ప్రతి అడుగుకీ, మెట్ల మీద ప్రతి మెట్టుకీ దీనికి డ్యూటీ ఉంటుంది. ఇది నీరసిస్తే మనిషి నడకలో పక్కకి ఊగుతూ ఉంటాడు. మోకాలి నొప్పి అని వచ్చినవాళ్ళని ఒక చిన్న మెట్టు దిగమని, నేను ముందు చూసేది మోకాలిని కాదు, ఈ తుంటినే. తుంటి ఒరిగితే మోకాలు లోపలికి వాలుతుంది, చిప్ప మీద ఒరిపిడి పెరుగుతుంది.

సరే, దిగుదాం. దిగేటప్పుడు మన చూపు, ధ్యాస అంతా కిందికి వెళ్తున్న కాలి మీద ఉంటాయి. పని చేసేది పైన ఉండిపోయిన కాలు. కుడి పాదం కింది మెట్టుని అందుకునేదాకా, మీ ఒంటి బరువంతా ఎడమ కాలి మీద ఉంది, ఆ ఎడమ మోకాలు మెల్లగా మడుచుకుంటోంది. దాన్ని మడుస్తున్నది హ్యామ్‌స్ట్రింగ్స్ కాదు, భూమ్యాకర్షణ. ఒక్కసారిగా కుప్పకూలకుండా ఆపుతున్నది క్వాడ్రిసెప్స్, అదీ సాగిపోతూ. కుడి పాదం కూడా మడమతో కాకుండా మునివేళ్ళ వైపు ముందు ఆనుతుంది. అప్పుడు మడమ మెట్టు మీదికి దిగేదాకా పిక్క కండరాలు సాగుతూ బరువుని ఆపుకుంటాయి. మెట్టుమెట్టుకీ ఇదే తంతు. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు. రెండు కాళ్ళూ పంచుకున్నా ఒక్కో తొడకి 1,700కి పైగా ఎక్సెంట్రిక్ బిగింపులు. గుంజీలు తీసే అలవాటున్నవాళ్ళు కూడా ఒక్కరోజున అన్ని తియ్యరు.

మరి అంత పనైతే ఆయాసం రాలేదేం? 1952లో లండన్‌లో ముగ్గురు శాస్త్రజ్ఞులు, ఆబట్, బ్రెండా బిగ్‌లాండ్, రిచీ, దీన్ని ముచ్చటైన పద్ధతిలో తేల్చారు. రెండు సైకిళ్ళని వీపు వీపు ఆనించినట్టు పెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకి తొక్కుతారు. రెండోవారు తమ పెడళ్ళు వెనక్కి తిరుగుతుంటే వాటిని ఆపడానికి ప్రయత్నిస్తారు. గొలుసు ఒకటే కాబట్టి ఇద్దరి బలమూ ఒకటే, వేగమూ ఒకటే. ఒకరి కండరాలు పొట్టివవుతూ పని చేస్తున్నాయి, రెండోవారివి సాగుతూ. ఇద్దరూ పీల్చే ఆక్సిజన్ కొలిస్తే, తొక్కేవారికి అయ్యే ఖర్చు వేగాన్ని బట్టి రెండు రెట్ల నుంచి ఐదు రెట్ల దాకా ఎక్కువ తేలింది. దీన్ని రాయల్ సొసైటీలో ప్రదర్శించినప్పుడు, చిన్న మనిషైన బిగ్‌లాండ్ పెడళ్ళని ఆపుతూ కూర్చుంటే, భారీ మనిషి తొక్కి తొక్కి అలిసిపోయాడు.

కారణం ఇందాక చెప్పిన తలకాయల్లోనే ఉంది. సాగే కండరంలో ఆక్టిన్‌ని పట్టుకున్న తలకాయని బరువే లాగి ఊడదీస్తుంది, అందుకు ఏటీపీ ఖర్చు కాదు. పైగా ఒక్కో తంతువు సాగుతున్నప్పుడు పొట్టిదవుతున్నప్పటికంటే ఎక్కువ బలాన్ని నిలబెట్టుకోగలదు. అందువల్ల అదే బరువుకి మెదడు తక్కువ తంతువుల్నే పనిలోకి పిలుస్తుంది. తక్కువ తంతువులు, తక్కువ ఇంధనం, తక్కువ ఆయాసం. మీకు కబుర్లు చెప్పే ఓపిక మిగిలింది అందుకే. కానీ బరువంతా ఆ కొద్ది తంతువుల మీదే పడింది. అరలన్నీ ఒకే బలంతో ఉండవు, బలహీనమైనవి అవసరానికి మించి సాగిపోయి వాటి అమరిక చెదురుతుంది. సూక్ష్మదర్శినిలో ఆ చెదిరిన గీతలు కనిపిస్తాయి. తర్వాత శరీరం ఆ చోటుని మరమ్మతు చెయ్యడానికి దిగుతుంది, వాపు వస్తుంది, అక్కడి నరాల కొసలు చిన్న ఒత్తిడికే నొప్పి అని అరుస్తాయి. ఇదంతా జరగడానికి టైం పడుతుంది కాబట్టే నొప్పి మర్నాడు మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి, వారంలోపు సద్దుమణుగుతుంది.

ఎక్కేటప్పటి లెక్క పూర్తిగా వేరు. 70 కిలోల మనిషి 650 మీటర్లు పైకి ఎక్కాడనుకుందాం. ఆ బరువుని అంత ఎత్తుకి చేర్చడానికే నూరు కిలోకేలరీల పైచిలుకు కావాలి. కండరం ఇంధనంలో సుమారు నాలుగో వంతునే పనిగా మారుస్తుంది, మిగతాది వేడి. కాబట్టి ఒంట్లో ఖర్చు 400 దాటుతుంది, ముందుకి నడిచిన దూరం ఖర్చు కలపకుండానే. ఆ వేడే చెమట, ఆ ఇంధనం మండించడానికి కావాల్సిన ఆక్సిజనే రొప్పు. గాలిగోపురం దాకా నిట్టనిలువు మెట్లు, ఆ తర్వాత కాస్త చదునుదారి, చివర్లో మోకాళ్ళ మిట్ట. గుండెకీ, ఊపిరితిత్తులకీ పెట్టే పరీక్ష అది. కండరాలకి మాత్రం అలసటే తప్ప గాయం తక్కువ.

లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయి నొప్పి వచ్చిందని ఎవరో చెప్పే ఉంటారు. జిమ్ముల్లో ఈ మాట ఇంకా చెలామణీలో ఉంది. పరుగు ఆపిన గంటా గంటన్నరలోపు రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు నొప్పిని దాని నెత్తిన రుద్దడం అన్యాయం. అదీగాక లాక్టేట్ ఎక్కువ పుట్టేది ఎక్కేటప్పుడు, నొప్పి ఎక్కువ పుట్టించేది దిగుడు. ఈ ఒక్క సంగతితోనే ఆ వాదన కూలిపోతుంది.

ఇప్పుడు అమ్మగారి సంగతి. ఇక్కడ కండరాల కంటే కీలు ముఖ్యం, కానీ కీలు మీద భారం వేసేది కండరమే. 4 సెంటీమీటర్లకీ 40 సెంటీమీటర్లకీ మధ్య బేరం గుర్తుందిగా. క్వాడ్రిసెప్స్ అంత బలంగా లాగినప్పుడు చిప్పని తొడ ఎముకకేసి, తొడ ఎముకని ముంగాలి ఎముకకేసి అదుముతుంది. బెర్లిన్‌లోని షారిటే ఆస్పత్రి పరిశోధకులు మోకాలి మార్పిడి చేసిన కొందరికి సెన్సార్లున్న కృత్రిమ కీలు అమర్చి, నేరుగా కొలిచి 2010లో ఫలితాలు వెల్లడించారు. చదునుగా నడిచేటప్పుడు మోకాలి మీద పడే భారం సగటున ఒంటి బరువుకి 2.6 రెట్లు, మెట్లు ఎక్కేటప్పుడు 3.2 రెట్లు, దిగేటప్పుడు 3.5 రెట్లు. 65 కిలోల మనిషికి మెట్టు మెట్టుకీ రెండు క్వింటాళ్ళకి పైగా. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు ‘ఎక్కడం ఎలాగోలా ఎక్కేస్తాను నాయనా, దిగడమే నరకం’ అంటారు. వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం.

అందుకని నా సలహా: గుండె, బీపీ సంగతి డాక్టరు చూసి సరే అంటే, మోకాళ్ళు మరీ అరిగి లేకపోతే, ఆవిడ్ని మెల్లగా ఎక్కనివ్వండి. రాత్రి చల్లదనంలోనో తెల్లవారుజామునో అయితే మేలు, ఏ వేళల్లో అనుమతిస్తున్నారో ముందే కనుక్కోండి. దిగడం మాత్రం బస్సులోనే. ఈ విషయంలో నేను మొహమాటపడను. మధ్యలో కొద్ది మెట్లు దిగాల్సి వస్తే, రెయిలింగు పట్టుకుని, నొప్పి ఉన్న కాలు ముందు కిందికి దించి, బాగున్న కాలు తర్వాత. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. కారణం పైన చెప్పిందే, ఎక్కేటప్పుడు పని చేసేది పై మెట్టు మీద కాలు, దిగేటప్పుడు కూడా పై మెట్టు మీద కాలే. ఆ పని బాగున్న కాలికి అప్పగించాలి. చేతికర్ర వాడితే నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోమనండి. చాలామంది నొప్పి ఉన్న పక్కే పట్టుకుని ఆ పక్కకే ఒరుగుతారు. అలా చేస్తే తుంటి మీద భారం అనుకున్నంతగా తగ్గదు.

చదును నేల మీద నడక గురించి రెండు మాటలు, అక్కడా ఇదే కథ కాబట్టి. మడమ నేలకి తాకగానే పాదం ముందు భాగం టప్పున పడిపోవాలి. పడదు. టిబియాలిస్ యాంటీరియర్ సాగుతూ దాన్ని మెల్లగా దించుతుంది. అలవాటు లేకుండా వేగంగా చాలా దూరం నడిస్తే ముంగాలి పక్కన సలుపు వచ్చేది ఎక్కువగా అందుకే. తర్వాత ఒళ్ళు పాదం మీదుగా ముందుకి పోతుంటే, పిక్క లోపలి పొరలోని సోలియస్ ముంగాలిని పట్టి ఆపుతూ ఉంటుంది, చివర్లో పైపొర గ్యాస్ట్రోక్నీమియస్‌తో కలిసి మడమని లేపి తోస్తుంది. సోలియస్‌లో ఎక్కువ భాగం నిదానంగా పనిచేసే, త్వరగా అలవని తంతువులే. గంటల తరబడి నిలబడగలుగుతున్నామంటే అది దాని చలవ. అది బిగిసినప్పుడల్లా కాలి సిరల్లోని రక్తాన్ని పైకి పంపుతుంది కూడా. బస్సులోనో విమానంలోనో గంటల తరబడి కూర్చున్నప్పుడు మడమలు లేపి దించమని చెప్పేది ఇందుకే.

టిబియాలిస్‌కి వెళ్ళే నరం మోకాలి బయటి పక్కన, ముంగాలిలోని సన్నపాటి రెండో ఎముక మెడ చుట్టూ తిరిగి, చర్మానికి బాగా దగ్గరగా వెళ్తుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుని పొలం పని చేసినా, కాలు మీద కాలు వేసుకుని కదలకుండా కూర్చున్నా అక్కడ నొక్కుకుపోతుంది. కాసేపు తిమ్మిరెక్కితే పర్వాలేదు. లేచాక పాదం ముందు భాగం లేవక నేలకి ఈడుస్తుంటే మాత్రం అది కండరం లోపం కాదు, ఆజ్ఞ అందడం లేదని. అలాంటప్పుడు నూనె మర్దనాలు చేస్తూ వారాలు గడపకండి, వెంటనే చూపించుకోండి.

ఆజ్ఞ అన్నాను కాబట్టి ఇంకో సంగతి. చీకట్లో మెట్లు దిగుతూ, ఇంకొక మెట్టు ఉందనుకుని అడుగేస్తే అక్కడ నేలే ఉంటే ఏమవుతుంది? ఒళ్ళంతా అదిరిపడుతుంది, దంతాలు ఠక్కుమంటాయి. ఎత్తు తేడా జానెడు కూడా లేదు కదా, అంత అదురెందుకు? పాదం నేలని తాకకముందే పిక్క, తొడ ఏ క్షణానికి ఎంత బిగియాలో మెదడు లెక్కగట్టి పంపేసింది. నేల ముందే వచ్చేసేసరికి కండరాలు ఇంకా తయారుగా లేవు, దెబ్బ నేరుగా ఎముకలకి తగిలింది. ప్రతి మెట్టుకీ ఈ లెక్క కొత్తగా జరుగుతుంది. తొడలు అలిసిపోయి, పంపిన ఆజ్ఞకి తగినంత బలం రాకపోతే మోకాళ్ళు వణుకుతాయి. కొండ దిగేటప్పుడు ఆఖరి వెయ్యి మెట్లలో చాలామందికి కనపడే వణుకు అదే. అప్పుడు ఆగి కూర్చోవాలి. పడేది ఎక్కువగా అక్కడే.

మీ మటుకు మీకు, ఈ నొప్పి వల్ల ఒక లాభం ఉంది. ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న తొడ, అదే పని మళ్ళీ చేస్తే ముందటిలో కొంతే నొప్పి పడుతుంది. ఈ రక్షణ కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ఉంటుంది. కాబట్టి వచ్చే నెల మీరు వెళ్తే ఈసారంత బాధ ఉండదు. ఏడాది తర్వాత వెళ్ళేవాళ్ళైతే మూడు నాలుగు వారాల ముందు నుంచి తయారవ్వాలి, అదీ ఎక్కడం కాదు, దిగడం. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టులో పైకి వెళ్ళి మెట్ల మీద దిగండి, వారానికి రెండు మూడుసార్లు, మొదట కొద్ది అంతస్తులు. లేదా కుర్చీలో నాలుగైదు సెకన్లు తీసుకుంటూ మెల్లగా కూర్చోండి, మామూలుగా లేవండి. కూర్చోవడమే వ్యాయామం. కొండకి వెళ్ళేముందే నొప్పి మాత్ర వేసుకుని బయల్దేరేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. ఎండలో చెమట కారుతూ నీళ్ళు చాలనప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకి మంచివి కావు, పైగా ఆగమని కాలు చెప్పే మాట వినపడకుండా చేస్తాయి.

ఇప్పుడున్న నొప్పికి మంచం పట్టక్కర్లేదు. చదునులో నెమ్మదిగా నడవండి, గోరువెచ్చని నీళ్ళు పోసుకోండి, గట్టిగా పిసికించుకోకండి. మూడు సందర్భాల్లో మాత్రం ఇంటి వైద్యం వద్దు. మూత్రం కోలా రంగులో వస్తే కండరం విపరీతంగా దెబ్బతిని దాని ప్రోటీన్ కిడ్నీలకి చేరుతోందని అర్థం, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, బరువుగా నొప్పెడితే సిరలో రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి, దాన్ని మర్దన చెయ్యకూడదు. దిగేటప్పుడు పిక్కలోనో మడమ వెనకనో ఎవరో తన్నినట్టు ఠప్పుమని, ఆ తర్వాత ఆ కాలి మునివేళ్ళ మీద లేవలేకపోతుంటే టెండన్ తెగి ఉండొచ్చు, ఆ కాలు మోపకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.